మనోవిజ్ఞాన ప్రయోగంలో అక్కర్లేని చరాలను, పక్షపాతాన్ని కట్టడి చేయడం ఎలా

పాట వింటూ చదివితే పదాలు సరిగ్గా గుర్తుండవా? ఈ ప్రశ్న మీద ప్రయోగం పెట్టారనుకోండి. ఉదయం వచ్చినవాళ్లకు నిశ్శబ్దంలో 20 పదాలు చూపించారు. మధ్యాహ్నం వచ్చినవాళ్లకు హెడ్‌ఫోన్లు తగిలించి, పాట పెట్టి అవే పదాలు చూపించారు. రెండో గుంపు తక్కువ పదాలు రాసింది. కారణం పాటేనా? మధ్యాహ్నపు మగతా? చెవులు నొక్కే హెడ్‌ఫోన్లా? లేక ఉదయాన్నే రాగలిగినవాళ్లే మొదటి నుంచీ చురుకైనవాళ్లా? ఈ డేటాతో తేల్చలేరు. ఎంత ఖరీదైన గణాంక సాఫ్ట్‌వేర్ తెచ్చినా తేల్చలేరు.

పని మొదలుపెట్టే ముందు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. అక్కర్లేని చరాలన్నీ (మీరు పరీక్షించకపోయినా ఫలితాన్ని మార్చగల అంశాలు) ఒకే రకం హాని చేయవు. బయట వాహనాల రొద అన్ని గుంపులకూ ఒకేలా అడ్డొస్తే అది నాయిస్. దానివల్ల స్కోర్లు అటూ ఇటూ చెదురుతాయి, అసలు తేడా కనిపించడం కష్టమవుతుంది, అంతే. ఎక్కువ మందిని తీసుకుంటే దాని దెబ్బ తగ్గుతుంది. అదే రొద పాట గుంపు కూర్చున్న గదిలోనే ఉంటే అది కన్ఫౌండ్. అప్పుడు వెయ్యి మందిని తెచ్చినా తప్పు జవాబే మరింత గట్టిగా వస్తుంది. అందుకే ప్రతి చరాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇది నా కండిషన్‌తో (పాట, నిశ్శబ్దం లాంటి పరిస్థితితో) పాటు మారుతోందా? మారుతుంటే దాన్ని ముందు చూడండి. మారకపోతే అది వరసలో వెనక నిలబడుతుంది.

ఈ పాట ప్రయోగాన్నే చివరిదాకా తీసుకెళ్దాం.

1. వాదనను ఒక్క వాక్యంలో రాయండి, పోలికను అందులోంచే తీయండి

"పాట జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది" అన్న వాక్యం పనికిరాదు. ఏ పాట, ఎంత శబ్దం, ఎలాంటి జ్ఞాపకం, ఎంతసేపటికి? ఇలా రాయండి: "తమకు తెలిసిన భాషలో పాట వింటూ 20 పదాల జాబితా చదివితే, అదే బాణీని వాద్యాల మీద వింటూ చదివినప్పటికన్నా, 30 సెకన్ల తర్వాత తక్కువ పదాలు రాయగలుగుతారు."

ఈ వాక్యం రాయగానే ఒక సంగతి బయటపడుతుంది. పాటకూ నిశ్శబ్దానికీ మధ్య తేడా ఒకటి కాదు. చెవిలో శబ్దం ఉంది, లయ ఉంది, మాటలు ఉన్నాయి, తెలిసిన పాటైతే దాని తాలూకు గుర్తులూ ఉన్నాయి. మీ వాదన మాటల గురించైతే సరైన పోలిక నిశ్శబ్దం కాదు, అదే బాణీ మాటలు లేకుండా. నిశ్శబ్దాన్ని మూడో కండిషన్‌గా ఉంచుకోండి, శబ్దం ఒక్కటే ఎంత చెడగొడుతోందో అది చెబుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: నియంత్రణ సమూహమంటే "ఏమీ చేయని గుంపు" అనుకుంటారు. మీరు పరీక్షిస్తున్న ఆ ఒక్క అంశం తప్ప మిగతావన్నీ ప్రయోగ సమూహంలాగే జరిగే గుంపు అది. నిశ్శబ్దం కండిషన్‌లోనూ హెడ్‌ఫోన్లు తగిలించాల్సిందే.

2. బెడదల పట్టిక వేయండి

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: చరం పేరు, కండిషన్‌తో పాటు మారుతుందా, ఏం చేస్తాం, అది జరిగిందని ఎవరు, ఎలా చూస్తారు. నాలుగో గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. అది ఖాళీగా ఉంటే మూడో గడిలో రాసింది ఉత్త కోరికే.

మూడో గడిలో రాయడానికి ఐదే మార్గాలున్నాయి. తీసేయడం (ఫోన్లు బయట పెట్టించడం). అందరికీ ఒకేలా ఉంచడం (ఒకే గది, ఒకే దీపం). సమంగా పంచడం (ప్రతి పూటా అన్ని కండిషన్లూ). యాదృచ్ఛికంగా పంచడం (ఎవరు ఏ కండిషన్‌లోకి వెళ్లాలన్నది). కొలిచి పెట్టుకోవడం (రాత్రి నిద్ర ఎన్ని గంటలు). ఈ వరసలో పైవి బలమైనవని అనుకోకండి. ఒకేలా ఉంచడానికి ఓ ధర ఉంది: 20 ఏళ్ల విద్యార్థులనే తీసుకుంటే వయసు తేడా పోతుంది, దాంతో పాటు మిగతా వయసులవారి గురించి మాట్లాడే హక్కూ పోతుంది. కొలిచి పెట్టుకోవడం అన్నిటికన్నా బలహీనం. మీకు తట్టని చరాన్ని ఎలా కొలుస్తారు? యాదృచ్ఛికంగా పంచడంలో గొప్పతనం అక్కడే ఉంది: పేరు తెలియని చరాలను కూడా అది గుంపుల మధ్య చెదరగొడుతుంది.

3. మనుషులను పంచడం

వచ్చిన వరసలో ఒకరిని అటు, ఒకరిని ఇటు వేయడం యాదృచ్ఛికం కాదు. జంటగా వచ్చిన స్నేహితుల్లో ముందు నడిచేవాడు ప్రతిసారీ ఒకే గుంపులో పడొచ్చు. పైగా తర్వాతి వ్యక్తి ఎటు వెళ్తాడో మీకు ముందే తెలిసిపోతుంది. తెలిస్తే, మీకు తెలియకుండానే "ఈయన కాస్త ఆగి రానీ" అంటారు.

ప్రతి మనిషికీ నాణెం ఎగరేయడం యాదృచ్ఛికమే, కానీ చిన్న ప్రయోగాల్లో గుంపులు వంకరగా వస్తాయి. 20 మందిని నాణెంతో పంచితే సరిగ్గా 10–10 వచ్చే అవకాశం 17.6 శాతమే. 14–6 గానీ అంతకన్నా వంకరగా గానీ వచ్చే అవకాశం 11.5 శాతం. అందుకే బ్లాకులుగా పంచండి. రెండు కండిషన్లుంటే నలుగురి బ్లాకు తీసుకోండి: అఅఇఇ, అఇఅఇ, అఇఇఅ, ఇఅఅఇ, ఇఅఇఅ, ఇఇఅఅ. ఈ ఆరింటిలో ఒకదాన్ని పాచికతోనో కంప్యూటర్‌తోనో ఎంచండి, తర్వాతి నలుగురికి మళ్లీ ఎంచండి. బ్లాకు ఎప్పుడూ నాలుగే అని ప్రయోక్తకు (ప్రయోగం నడిపే మనిషికి) తెలిస్తే చివరి మనిషి ఎటు వెళ్తాడో లెక్క కట్టేయగలడు కాబట్టి, నాలుగు, ఆరు సైజులను కలగలిపి వాడండి.

జాబితా తయారుచేసేవాళ్లు, మనుషులను గదిలోకి తీసుకొచ్చేవాళ్లు వేరువేరుగా ఉండాలి. కంప్యూటర్ లేకపోతే వెలుతురుకు పట్టినా లోపల కనబడని కవర్లు తీసుకుని, పైన వరస అంకె వేసి, మూతి అంటించండి. వ్యక్తి పేరు నమోదయ్యాకే కవరు తెరవాలి. ముందు తెరిచి "ఇది తర్వాతివారికి బాగుంటుంది" అని పక్కన పెడితే పంపకం అప్పుడే చెడింది.

4. ఒకే వ్యక్తితో అన్ని కండిషన్లూ చేయిస్తే

జ్ఞాపకశక్తిలో మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. ఒకే వ్యక్తిని మూడు కండిషన్లలోనూ పరీక్షిస్తే ఆ తేడా లెక్కలోంచి జారిపోతుంది. మంది కూడా తగ్గుతారు: మధ్యస్థ ప్రభావాన్ని (కోహెన్ డి 0.5, అంటే సగటుల తేడా స్కోర్ల ప్రామాణిక విచలనంలో సగం), 5 శాతం స్థాయిలో (లేని తేడాను ఉందనే అవకాశం 5 శాతం), 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే వేరు గుంపులైతే గుంపుకు 64 మంది కావాలి. ఒకే వ్యక్తుల స్కోర్ల తేడాలో అంతే ప్రభావం ఉంటే 34 మంది చాలు.

కానీ కొత్త బెడద వస్తుంది: వరస. రెండోసారికి అలవాటు పడతారు, మూడోసారికి అలసిపోతారు. మూడు కండిషన్లకు ఆరు వరసలున్నాయి, ఆరూ వాడండి. నాలుగు కండిషన్లకు 24, ఐదింటికి 120 వరసలు వస్తాయి, అన్నీ వాడటం కుదరదు. నాలుగింటికి ఈ నాలుగు వరసలు చాలు:

అ ఆ ఈ ఇ
ఆ ఇ అ ఈ
ఇ ఈ ఆ అ
ఈ అ ఇ ఆ

ప్రతి కండిషనూ ప్రతి స్థానంలో ఒక్కసారి వస్తుంది. అంతే కాదు, ప్రతి కండిషన్ వెనకా మిగతా ప్రతిదీ సరిగ్గా ఒక్కసారి వస్తుంది. ఒక్కో గడి పక్కకు జరుపుతూ రాసే మామూలు చతురస్రంలో ఈ రెండో గుణం ఉండదు. అందులో ఆ ఎప్పుడూ అ తర్వాతే వస్తుంది.

పదాల జాబితాలనూ మరచిపోకండి. మూడు కండిషన్లకు మూడు జాబితాలు కావాలి. మొదటి జాబితా ఎప్పుడూ పాటతోనే వస్తే, తేడా పాటదో జాబితాదో తెలియదు. జాబితాలను కండిషన్ల మీద మూడు రకాలుగా తిప్పండి. ఆరు వరసలను మూడుతో గుణిస్తే 18. అంటే మీ మంది సంఖ్య 18 గుణిజం కావాలి: లెక్క 34 అంటే 36 మందిని తీసుకోవాలి.

ఇంత చేసినా ఒక లొసుగు మిగులుతుంది, దీన్ని వరసలు తిప్పడం మాన్పలేదు. పాట విన్నాక నిశ్శబ్దంలో కూర్చోబెడితే ఆ పాట తలలో మోగుతూనే ఉంటుంది. నిశ్శబ్దం మాత్రం తర్వాతి పాట మీదికి అలా పాకదు. ప్రభావం ఒకవైపే పాకినప్పుడు వరసలు ఎంత తిప్పినా సగటులో తప్పు ఉండిపోతుంది. కండిషన్లను వేరు రోజుల్లో పెట్టండి, లేదా ఒకే వ్యక్తి ఆలోచన మానేసి వేరు గుంపులకు వెళ్లండి. ప్రభావం అలా పాకిందో లేదో చూడటానికి ఓ తేలిక మార్గం: ఒక్కొక్కరి మొదటి కండిషన్ డేటా మాత్రమే తీసి పోల్చండి. అందులో కనిపించే తేడా, మొత్తం డేటాలో తేడా రెండు దిక్కులకు పోతుంటే అనుమానించాల్సిందే.

5. పదాలు, పాటలు

ఒక జాబితాలో "కిటికీ, గొడుగు" లాంటి పదాలు, మరోదాంట్లో "ఔన్నత్యం, వైరుధ్యం" ఉంటే ప్రయోగం అక్కడే పోయింది. పొడవు, వాడుకలో ఎంత తరచుగా వస్తుంది, కళ్ల ముందు బొమ్మ కడుతుందా లేదా: ఈ మూడూ జాబితాల మధ్య సరిపోలాలి. తెలుగు పదాల పొడవును స్ప్రెడ్‌షీట్ ఫంక్షన్‌తో లెక్కపెట్టకండి. "పుస్తకం"లో మూడు అక్షరాలే ఉన్నా అది ఏడు అంటుంది, ఎందుకంటే గుణింతాన్నీ, పొల్లునూ, సున్నానూ విడివిడిగా లెక్కపెడుతుంది. "గడప"కు మూడే చెబుతుంది. చేత్తో లెక్కపెట్టుకోవడమే నయం.

తరచుదనానికి నమ్మదగిన పట్టిక దొరక్కపోతే, ప్రయోగంలో లేని 15, 20 మందికి 80 పదాలిచ్చి "ఈ మాట ఎంత తరచుగా వింటారు", "చదవగానే బొమ్మ కనబడుతుందా" అని 1 నుంచి 7 వరకు అంకెలు వేయించండి. సగటులు దగ్గరగా ఉన్న పదాలను మూడేసి చొప్పున కట్టలు కట్టి, ఒక్కో కట్టలోని మూడింటినీ మూడు జాబితాలకు యాదృచ్ఛికంగా పంచండి. ఒకే జాబితాలో "నది, పడవ, వంతెన" పడకుండా చూడండి, ఒకటి గుర్తొస్తే మిగతా రెండూ లాక్కొస్తాయి.

జాబితాలో మొదటి పదాలు, చివరి పదాలు మామూలుగానే బాగా గుర్తుంటాయి. అందువల్ల ప్రతి మనిషికీ పదాల వరసను తారుమారు చేయండి. చివరి పదాలకున్న మొగ్గు పోవాలంటే, జాబితా అయ్యాక 30 సెకన్లు మూడంకెల సంఖ్య నుంచి మూడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టించండి. 1966లో గ్లాంజర్, కునిట్జ్ అనే పరిశోధకులు చూపింది ఇదే: 30 సెకన్ల అడ్డుపని తర్వాత ఆ చివరి పదాల మొగ్గు మాయమైంది.

పాట కూడా ఒక్కటి చాలదు. ఒకే పాట వాడితే మీకొచ్చిన ఫలితం "పాటల" గురించి కాదు, ఆ పాట గురించి. కనీసం ఆరేడు బాణీలు తీసుకోండి, ప్రతిదానికీ మాటలున్న రూపం, వాద్యాల రూపం రెండూ ఉండాలి.

6. గది, యంత్రం

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు, చేయాల్సిందే ఉంది. పాట, వాద్యం రెండింటి శబ్దాన్నీ హెడ్‌ఫోన్ దగ్గర కొలిచి ఒకే సగటు డెసిబెల్స్‌కు తెండి, 65 దరిదాపుల్లో ఉంటే మాటల స్థాయిలో ఉంటుంది. వాల్యూమ్ మీటను టేపుతో కట్టేయండి, పాల్గొనేవాళ్లు ముట్టుకుంటారు. ప్రతి పూటా, ప్రతి రోజూ మూడు కండిషన్లూ నడవాలి. "సోమవారం పాట, మంగళవారం వాద్యం" అన్నది సౌకర్యం కోసం చేసే ఆత్మహత్య.

పదాల లెక్క కాకుండా ప్రతిస్పందన కాలం కొలుస్తుంటే యంత్రం మీద ఇంకాస్త కన్నేయండి. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకోసారి మాత్రమే బొమ్మ మార్చగలదు. 20 మిల్లీసెకన్లు చూపించమంటే అది 17గానీ 33గానీ చూపిస్తుంది. కీబోర్డులకూ వాటి సొంత ఆలస్యం ఉంటుంది. అందరికీ ఒకే యంత్రమైతే ఆ ఆలస్యం నాయిస్ మాత్రమే. రెండు కండిషన్లను రెండు కంప్యూటర్ల మీద నడిపితే అదే కన్ఫౌండ్.

7. పాల్గొనేవాళ్ల ఊహలు

మనిషి రసాయనం కాదు, తన మీద ఏం పరీక్షిస్తున్నారో ఊహిస్తాడు. ఊహించాక మర్యాదగా సహకరిస్తాడు. మార్టిన్ ఓర్న్ 1962లో రాసిన వ్యాసంలో, అర్థంలేని కూడికలు చేసి, ఆ కాగితాన్ని 32 ముక్కలుగా చింపి, మళ్లీ కొత్త కాగితం అందుకోమన్నా జనం గంటల తరబడి మానకుండా చేసిన సంగతి ఉంది. ఆపాటి విధేయత ఉన్నవాళ్లు మీ ఊహను నిజం చేయడానికి నాలుగు పదాలు తక్కువ రాయలేరా?

చేయాల్సినవి:

పిలుపు ప్రకటనలో పరికల్పన (మీరు పరీక్షిస్తున్న వాదన) కనబడకూడదు. "పాట జ్ఞాపకాన్ని చెడగొడుతుందా?" అని కాక "రకరకాల వాతావరణాల్లో పదాలు చదవడం" అని రాయండి. ఇది అబద్ధం కాదు, మొత్తం చెప్పకపోవడం. నిజంగా మభ్యపెట్టాల్సి వస్తే మీ సంస్థ నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి, అయ్యాక నిజం చెప్పాలి.

సూచనలను రాసి, ఒకే గొంతులో రికార్డు చేసి వినిపించండి. నోటితో చెబితే కండిషన్‌ను బట్టి స్వరం మారుతుంది.

అయిపోయాక ఈ వరసలో అడగండి: "ఈ పని దేని గురించి అనుకున్నారు?" "ఏదైనా వింతగా అనిపించిందా?" "మేం ఏ ఫలితం ఆశిస్తున్నామనుకున్నారు?" "ఆ ఆలోచన ఎప్పుడొచ్చింది, దానివల్ల ఏమైనా వేరేగా చేశారా?" ప్రశ్నలు వదులుగా మొదలై బిగుసుకుంటూ రావాలి. మొదటే "పాట వల్ల తగ్గుతుందని అనుకున్నారా?" అంటే అందరూ అవునంటారు. ఊహించినవారిని ఏం చేస్తారో డేటా రాకముందే నిర్ణయించండి. తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కకట్టి రెండూ చెప్పడం మంచి దారి.

ఇంకో పరీక్ష చవకైనది, జనం వాడటం లేదు. వేరే కొందరికి ప్రయోగం చేయకుండా, విధానం మాత్రం వివరించి "మీరైతే ఏ కండిషన్‌లో ఎన్ని పదాలు రాస్తారు?" అని అడగండి. వాళ్ల అంచనాలు మీ ఫలితంలాగే ఉంటే, మీ ఫలితం ఊహతోనే పుట్టే అవకాశం ఉందన్నమాట.

ప్రశ్నావళి వాడుతుంటే: అన్నిటికీ "అవును" అనే అలవాటును పట్టుకోవడానికి కొన్ని వాక్యాలను తలకిందులుగా రాయండి, కానీ "కాదు, లేదు" తగిలించి కాదు. "నేను ఆందోళన పడను" కన్నా "నేను నిమ్మళంగా ఉంటాను" మేలు. "పడను" అన్నదానికి "అంగీకరించను" అని జవాబివ్వాల్సి వస్తే మనిషి తికమకపడతాడు, ఆ తికమక కూడా కొలతలోకి ఎక్కుతుంది. మంచివాడిలా కనబడాలనే మొగ్గుకు పేరు అడగకపోవడమే చవకైన మందు.

8. ప్రయోక్త

హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని బెర్లిన్‌లో జనం నమ్మారు. 1907లో ఆస్కార్ ఫ్‌ఫుంగ్‌స్ట్ చేసిన పని చాలా సూటిది: అడిగే మనిషికే జవాబు తెలియకుండా చేశాడు. గుర్రం తప్పులు మొదలుపెట్టింది. అడిగేవాడి తల కదిలే తీరును చూసి అది గిట్టతో కొట్టడం ఆపుతోంది. ఆ కదలిక అడిగేవాడికే తెలియదు, కాబట్టి "నేను జాగ్రత్తగా ఉంటాను" అన్న మాట పనిచేయదు.

1963లో రోసెంతాల్, ఫోడ్ 12 మంది విద్యార్థులకు మామూలు ఎలుకలనే ఇచ్చి, సగం మందికి ఇవి తెలివైన జాతివని, మిగతావారికి మందమైన జాతివని చెప్పారు. "తెలివైన" ఎలుకలు బాగా నేర్చుకున్నాయి. 2012లో డోయెన్, సహచరులు ఒక ప్రసిద్ధ ఫలితాన్ని తిరిగి పరీక్షించారు: ముసలితనాన్ని గుర్తుచేసే పదాలు చదివినవాళ్లు నెమ్మదిగా నడుస్తారని. నడకను ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు కొలిచి, ప్రయోక్తలకు ఏ ఆశా పెట్టనప్పుడు ఆ ఫలితం రాలేదు. నెమ్మదిగా నడుస్తారని ప్రయోక్తలను నమ్మించినప్పుడు వచ్చింది.

కాబట్టి గుడ్డితనాన్ని (ఎవరు ఏ కండిషన్‌లో ఉన్నారో ప్రయోక్తకు తెలియకపోవడాన్ని) విధానంలోనే కట్టాలి. సూచనలు, సాధన అంతా అయ్యాక, ప్రయోక్త గదిలోంచి వెళ్లాక, కంప్యూటరే కండిషన్ ఎంచుకోవాలి. హెడ్‌ఫోన్లు మూడు కండిషన్లలోనూ ఉండటం ఇక్కడ రెండో పనికీ వస్తుంది: ఏం వినిపిస్తోందో బయటివాళ్లకు తెలియదు. కండిషన్ పేర్లు ఫైళ్లలో "పాట, వాద్యం" అని కాక అర్థంలేని సంకేతాలుగా ఉండాలి. సంకేతాల తాళంచెవి (ఏ సంకేతం ఏ కండిషనో చెప్పే పట్టిక) ప్రయోగంతో సంబంధం లేని మూడో మనిషి దగ్గర ఉండాలి. మానసిక చికిత్స ప్రయోగంలో ఇలా పూర్తిగా కుదరదు, చికిత్స ఇచ్చేవారికి తామేం ఇస్తున్నారో తెలుసు. అప్పుడు కనీసం ఫలితాన్ని కొలిచేవాళ్లనైనా వేరు చేయండి, రోగులను కూడా "మీకేం చికిత్స జరిగిందో ఆయనకు చెప్పకండి" అని కోరండి.

గుడ్డితనం నిలిచిందో లేదో కూడా కొలవండి. ప్రతి సెషన్ తర్వాత ప్రయోక్త కండిషన్‌ను ఊహించి రాయాలి. మూడు కండిషన్లున్నప్పుడు సరైన ఊహలు మూడో వంతు దగ్గర ఉండాలి. సగం పైన ఉంటే ఎక్కడో చిల్లు ఉంది. సాధారణంగా అది హెడ్‌ఫోన్లోంచి బయటికి పొక్కే శబ్దం, లేదా బయటికొస్తూ పాట కూనిరాగం తీసే మనిషి.

9. స్కోరు వేయడం

పదాలు లెక్కపెట్టడంలో పక్షపాతం ఏముంటుందనుకుంటారు. జాబితాలో "చెట్టు" ఉంది, కాగితం మీద "చెట్లు" ఉంది: మార్కు ఇవ్వాలా? "గొడుగు" బదులు "గోడుగు"? రెండుసార్లు రాస్తే? జాబితాలో లేని పదం రాస్తే తీసివేతా, పట్టించుకోకపోవడమా? ఇలాంటివి కాగితానికి రెండు మూడు వస్తాయి, కండిషన్ తెలిసిన చెయ్యి వాటిని తనకు కావలసిన వైపే తిప్పుతుంది. నియమాలు ముందే రాయండి. కాగితాల మీద గుర్తింపు అంకె తప్ప ఏమీ ఉండకూడదు. కాగితాల వరస తారుమారు చేసి, ఇద్దరితో విడివిడిగా దిద్దించండి.

ఇద్దరూ 100లో 90 చోట్ల ఏకీభవించారంటే బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ 80 శాతానికి "సరి" అని వేస్తుంటే, గుడ్డిగా వేసినా 0.64 + 0.04, అంటే 68 శాతం కలుస్తాయి. కోహెన్ కప్పా ఈ అదృష్టాన్ని తీసేసి చెబుతుంది: (0.90 − 0.68) ÷ 0.32 = 0.69. తొంభై శాతమంత గొప్పగా లేదు కదా. నియమాలను బిగించి మళ్లీ దిద్దించండి.

10. పైలట్, ఆ తర్వాత తాళం

పైలట్ అంటే అసలు ప్రయోగానికి ముందు చేసే చిన్న రిహార్సల్. దానికి ఐదుగురో ఎనిమిదిమందో చాలు. సూచనలు అర్థమయ్యాయా, అందరూ 19, 20 పదాలు రాసేస్తున్నారా, లేక ఎవరూ నాలుగు దాటడం లేదా అని చూడండి. పైకప్పుకో నేలకో తగిలిన స్కోర్లలో తేడా కనిపించదు. పైలట్ మనుషులను అసలు డేటాలో కలపకండి. పైలట్‌లో వచ్చిన ప్రభావ పరిమాణంతో మంది లెక్క కూడా కట్టకండి, ఎనిమిదిమందితో వచ్చిన ఆ అంకె ఎటైనా ఊగుతుంది.

తర్వాత వీటిని రాసి, తేదీతో నమోదు చేయండి (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ లాంటి ఉచిత వేదికలున్నాయి): ముఖ్యమైన పోలిక ఒక్కటి ఏది, ఎంతమంది, ఎప్పుడు ఆపుతారు, ఎవరిని తీసేస్తారు, ఏ పరీక్ష వాడతారు. ఇది కాగితపు తతంగం కాదు, పరిశోధకుడి సొంత పక్షపాతానికి వేసే తాళం ఇది. 2011లో సిమన్స్, నెల్సన్, సిమన్‌సోన్ లెక్కకట్టి చూపారు: రెండు కొలతల్లో నచ్చినది ఎంచడం, ఫలితం రాకపోతే గుంపుకు ఇంకో పదిమందిని కలపడం, లింగాన్ని లెక్కలోకి తెచ్చి చూడటం, ఒక కండిషన్ వదిలేయడం. ఒక్కోటి అమాయకంగానే కనిపిస్తుంది. నాలుగూ కలిస్తే ఏ ప్రభావమూ లేనిచోట "ఉంది" అని చెప్పే అవకాశం 5 శాతం నుంచి దాదాపు 61 శాతానికి చేరుతుంది. మధ్యలో తొంగిచూడటం కూడా ఇలాంటిదే: సమాన దూరాల్లో ఐదుసార్లు పరీక్షించి ఎప్పుడు తేడా కనిపిస్తే అప్పుడు ఆపేస్తే 5 శాతం కాస్తా 14 అవుతుంది.

11. డేటా వస్తున్నప్పుడు, వచ్చాక

ప్రతి సెషన్‌కూ ఒక చిట్టా పెట్టండి: సమయం, ప్రయోక్త ఎవరు, మామూలుకు భిన్నంగా ఏం జరిగింది. ఎవరిని తీసేయాలో స్కోరు చూడకముందే ఆ చిట్టాను బట్టి తేల్చండి.

మధ్యలో మానేసినవాళ్లను కండిషన్ల వారీగా లెక్కపెట్టండి. వేరు గుంపుల ప్రయోగంలో నిశ్శబ్దం నుంచి ఇద్దరు, పాట నుంచి పన్నెండుమంది పోతే, మిగిలినవాళ్లు ఇక పోల్చదగినవాళ్లు కారు. పాటతో బాగా ఇబ్బంది పడ్డవాళ్లే వెళ్లిపోయి ఉంటారు. అలాంటప్పుడు పంపకం జరిగిన తీరులోనే అందరినీ ఉంచి లెక్కకట్టి, అసలు సంఖ్యలు చూపించండి.

యాదృచ్ఛికంగా పంచిన తర్వాత "గుంపుల మధ్య వయసులో తేడా లేదు, పి 0.40" (పి: అసలు తేడా లేకపోయినా ఇంత, లేదా ఇంతకన్నా పెద్ద తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) అని పట్టిక వేయడం చాలామంది అలవాటు. ఆ పరీక్షకు అర్థం లేదు. పంపకం నిజంగా యాదృచ్ఛికమైతే ఆ తేడా కాకతాళీయమేనని ముందే తెలుసు. స్కోరుతో గట్టి సంబంధమున్న చరం ఏదైనా (మొదట్లోనే పెట్టిన జ్ఞాపక పరీక్ష లాంటిది) ఉంటే, దాన్ని విశ్లేషణలో చేరుస్తామని నమోదులోనే రాసి చేర్చండి. కండిషన్ మొదలయ్యాక కొలిచినదాన్ని, ఉదాహరణకు "పాట ఎంత చిరాకు పెట్టింది" అన్నదాన్ని, అలా చేర్చకండి. అది పాట ప్రభావంలోనే ఒక ముక్క. దాన్ని తీసేస్తే మీరు వెతుకుతున్నదాన్నే తీసేసినట్టు.

విశ్లేషణ కోడును కండిషన్ పేర్లు తారుమారు చేసిన డేటా మీద రాసి, పూర్తిగా నడిచాకే అసలు తాళంచెవి తెప్పించుకోండి.

సగం దారిలో కన్ఫౌండ్ బయటపడితే, ఉదాహరణకు పాట ఫైళ్లు వాద్యంకన్నా ఎక్కువ శబ్దంతో నడుస్తున్నాయని 20వ మనిషి దగ్గర తెలిస్తే, అక్కడే ఆపండి. సరిచేసి, కొత్త మనుషులతో మొదటి నుంచి మొదలుపెట్టండి. పాత 20 మందినీ కొత్తవాళ్లతో కలపకండి, వదిలేసిన సంగతీ కారణమూ నివేదికలో రాయండి.